బట్ట మీద ముద్ర



వార్షికోత్సవ సంచికకు నేత చరిత్ర మీద ఏదన్నా రాసి పంపమని పెద్దలు ఫోన్ చేసినప్పుడు మేము కొంచెం వెనకాడాం. మా చదువు ఎనిమిదో తరగతి. మార్కండేయ మహర్షి దగ్గర మొదలుపెట్టి మన పుట్టుపూర్వోత్తరాలు చెప్పే వ్యాసాలు ఇలాంటి సంచికల్లో చాలా వచ్చినాయి, వాటిని రాయగలిగే పండితులు మనలో ఉన్నారు. మేము సహకార సంఘంలో గుమాస్తాగా చేరి, తర్వాత కార్యదర్శి అయ్యాం. ఇన్నేళ్ళలో మా చేతిలో నాడె కంటే రబ్బరు స్టాంపే ఎక్కువసేపు ఉన్నది. అందుకని ఆ ముద్ర గురించే రాస్తాం. కొనేవాడిని మోసం చెయ్యొద్దని సర్కారు చేసిన చట్టాలు మన ఇండ్లలోకి ఎట్లా వచ్చినాయి, ఎక్కడ ఆదుకున్నాయి, వాటిని మనమే ఎక్కడ పాడు చేసుకున్నాం, ఇదీ సంగతి. చివర్లో మా సంఘం తప్పు ఒకటి ఉంది, అది కూడా రాస్తున్నాం. చదివి కోపం వస్తే మా మీదనే పడండి, సంచిక వేసినవాళ్ళ మీద వద్దు.

మా తాత నైజాం ఇలాకా నుంచి షోలాపూర్ వచ్చినవాడు. అప్పటికే ఇక్కడ మిల్లులు నడుస్తున్నాయి. మొదటి మిల్లు 1877లో పడింది, ఇప్పటికీ జనం జునీ మిల్ అనే అంటారు. మిల్లు పక్కనే చేతిమగ్గాల కార్ఖానాలు ఉండేవి. ఒక్కో కార్ఖానాలో వరసగా మగ్గాలు, ఆసాములు అక్కడే నేసి, అక్కడే వండుకుని, అక్కడే పడుకునేవారు. పూనాలోని గోఖలే సంస్థ 1947లో అచ్చు వేసిన కాకడే గారి సర్వే పుస్తకం షోలాపూర్ నేత కులాల గురించే. మన గురించి మనకంటే ముందు వేరేవాళ్ళు రాసి పెట్టారు.

నేతగాడంటే అమ్మేవాడని అందరూ అనుకుంటారు. నిజానికి నేతగాడు మొదట కొనేవాడు. నూలు కొనాలి, రంగు కొనాలి, పట్టు జరీ నేసేవాడైతే అవి కూడా కొనాలి. మోసం మొదలయ్యేది అక్కడే.

నూలు లెక్క మన పిల్లలకు తెలియదు, కోన్లు చూసి పెరిగారు. కొంచెం వివరంగా చెబుతాం. చిలప అంటే 840 గజాల పోగు. గజంన్నర చుట్టుకొలత ఉన్న చట్రం మీద 80 చుట్లు చుడితే 120 గజాల పాయ. అట్లాంటి పాయలు ఏడు కలిస్తే ఒక చిలప. ఒక పౌను బరువుకి ఎన్ని చిలపలు తూగితే అది ఆ నూలు నెంబరు. 40 నెంబరు నూలంటే పౌనుకి 40 చిలపలు. పాత కట్ట పది పౌన్లు, అంటే 40 నెంబరు కట్టలో 400 చిలపలు ఉండాలి. కిలోలు వచ్చాక దాన్నే 4.54 కిలోలు అని రాసారు.

ఇందులో మోసం ఎట్లా చేస్తారంటే, 40 నెంబరు అని చీటీ అంటించి లోపల 37 నెంబరు లావు నూలు పెడతారు. పాయకి 80 చుట్లకు బదులు 74 చుట్లే చుడతారు. తక్కెడలో పెడితే పది పౌన్లు సరిగ్గా ఉంటది. చిలపలు లెక్కపెడితే 400 సరిగ్గా ఉంటాయి. తూకం తప్పు లేదు, లెక్క తప్పు లేదు. పోగు పొడుగు మాత్రం కట్టకి 25,200 గజాలు తక్కువ. ఆసు తోడి పడుగు పోసే రోజున, చివరి చీరకి పోగు చాలకపోతే అప్పుడు తెలుస్తది. అప్పటికి నూలు గంజి తాగి ఉంటది, ఎవరు వాపసు తీసుకుంటారు?

మా తాతకు అక్షరం రాదు గాని ఎనభై అంకె మాత్రం వచ్చు. కొత్త కట్ట ఇంటికి రాగానే ఒక చిలప విప్పి మోకాళ్ళకు వేసుకుని, ఒక పాయ చుట్లు లెక్కపెట్టేవాడని మా నాయన చెప్పేవాడు. లెక్క తక్కువైతే ఏం చేసేవాడు అని మేము అడిగాం. ఏం చేస్తాడు, మళ్ళీ చుట్టి పక్కన పెట్టేవాడు, అన్నాడు. ఎందుకంటే నూలు ఇచ్చినవాడూ సావుకారే, బట్ట కొనేవాడూ సావుకారే, పండక్కి అప్పు ఇచ్చినవాడూ అతనే. ఫిర్యాదు ఎవరి మీద, ఎవరికి? 1942లో డాక్టర్ పి.జె. థామస్ అధ్యక్షుడుగా ఉన్న నిజనిర్ధారణ కమిటీ దేశమంతటి చేతిమగ్గాల మీద నివేదిక ఇచ్చింది. నూలుకీ అమ్మకానికీ నేతగాడు మధ్యవాళ్ళ మీద పడి బతుకుతున్నాడని అందులో ఉంది. మా తాత మోకాళ్ళ మీది చిలప కథ అదే.

చట్టం అసలు లేదా అంటే ఉంది. ఇంగ్లీషువాళ్ళు 1889లో సరుకు గుర్తుల చట్టం తెచ్చారు. సరుకు మీద అబద్ధపు పేరు, అబద్ధపు కొలత వెయ్యకూడదు. మిల్లులో నేసిన తాను మీద ఎన్ని గజాలో అంకెల్లో కనపడేటట్టు ముద్ర కొట్టాలి. మన పెద్దలు "ముద్ర బట్ట" అనేది అందుకే. ఆ తర్వాత యుద్ధం రోజుల్లో బట్టకు కరువు వచ్చి 1943లో బట్ట, నూలు కంట్రోలు ఆర్డరు వచ్చింది. అప్పుడు మిల్లు బట్ట మీద గజాలే కాదు, ధర కూడా ముద్ర పడింది. ఇంతకంటే ఎక్కువ తీసుకుంటే నేరం. ఇవాళ బిస్కెట్ పొట్లం మీద కనపడే గరిష్ఠ ధరకు తాతలాంటిది అది.

ఆ కంట్రోలు రోజుల్లోనే నూలు పర్మిట్లు వచ్చినాయి. సంఘం పెడితే నూలు దొరుకుతుందని చెప్పి మగ్గం లేనివాళ్ళు కూడా సంఘాలు పెట్టారు. కాగితం మీద నేతగాళ్ళు, కాగితం మీద మగ్గాలు, నూలు మాత్రం నల్లబజారుకి నడిచిపోయేది. మన సహకార ఉద్యమ చరిత్ర రాసేటప్పుడు ఈ పేజీ ఎవరూ తెరవరు. మద్రాసు వైపు 1935లోనే పెద్ద సంఘం, ఇప్పటి కోఆప్టెక్స్, పుట్టింది, అది మన గర్వం, నిజమే. గాని దొంగ సంఘాలు కూడా మన మధ్యనే పుట్టినాయి.

స్వతంత్రం వచ్చాక 1958లో వచ్చిన వ్యాపార గుర్తుల చట్టంలో నూలు కట్టల సంగతి స్పష్టంగా రాసారు. కట్ట మీద బరువు, నెంబరు, తయారు చేసినవాడి పేరు ఉండాలి. 1999లో ఆ చట్టం మార్చినప్పుడు కూడా ఈ మాట అందులోకి వచ్చింది. బట్ట మీద కొలత ముద్ర కూడా ఉంది. అయితే ఒక మినహాయింపు పెట్టారు. ఇంటివాళ్ళు, బయటి కూలీలు పదిమందికి మించకుండా కలిసి నేసే చోటికి, ఇరవైమందికి మించని సహకార సంఘం షెడ్డుకీ ఈ ముద్ర అక్కర్లేదు. మన మీద దయతోనే అట్లా చేసారు, ఇంట్లో నేసేవాడు ముద్రలు, రిజిస్టర్లు ఎక్కడ పెట్టుకుంటాడని. గాని దానివల్ల ఏమైందంటే మిల్లు బట్టకి పుట్టు గుర్తు ఉంది, మన బట్టకి లేదు. మన బట్ట అని చెప్పి ఎవడు ఏది అమ్మినా అడిగే ఆధారం లేకపోయింది. దయ కూడా ఒక్కోసారి ఇట్లా ఎదురు తిరుగుతుంది.

ఇగ మిల్లు, మరమగ్గం, చేతిమగ్గం తగాదా. ఇది మన ఇండ్ల మధ్యలో నుంచే పోయిన గీత. 1952లో మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న రాజాజీ, పంచెలు, చీరలు చేతిమగ్గాలకే వదలాలని కేంద్రాన్ని గట్టిగా అడిగారు. మిల్లులు నేసే పంచెల్లో కోత పెట్టారు గాని పూర్తిగా వదల్లేదు. 1953లో మిల్లు బట్ట మీద సుంకం వేసి ఆ డబ్బు చేనేతకు, ఖద్దరుకు ఇవ్వాలని చట్టం చేసారు. పండగ రిబేటుకు దారి పడింది అప్పుడే. మిల్లు బట్ట కొన్నవాడు కట్టిన పైసలు, చేనేత బట్ట కొన్నవాడికి తగ్గింపు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తది. 1954లో కానుంగో కమిటీ చేతిమగ్గాలని మెల్లగా మరమగ్గాలుగా మార్చమన్నది. మరుసటి ఏడాది కార్వే కమిటీ అట్లా చేస్తే చేతి పని పోతది అన్నది. ఢిల్లీలో కమిటీలు తేల్చుకునే లోపల షోలాపూర్‌లో మనవాళ్ళు తేల్చుకున్నారు. ఇంటింటా మోటారు వచ్చింది. మన పద్మశాలి గల్లీల్లో పొద్దున నాలుగు గంటలకు కోడి కంటే ముందు పవర్‌లూమ్ చప్పుడు. తువాళ్ళు, చద్దర్లు దేశమంతా పోయినాయి. షోలాపూర్ తెలుగువాడు నాలుగు డబ్బులు చూసింది, పిల్లలను చదివించింది దానివల్లనే. మేము కాదనం. మా తమ్ముడికే ఎనిమిది పవర్‌లూమ్‌లు ఉన్నాయి.

1974లో శివరామన్ కమిటీ, ఒక మరమగ్గం పడితే ఆరు చేతిమగ్గాలు ఆగుతాయని లెక్క చెప్పింది. చివరికి 1985లో చేనేతకు రకాలు కేటాయించే చట్టం వచ్చింది. మొదట 22 రకాలు అన్నారు. చీర, పంచె, తువాలు, లుంగీ, దుప్పటి, జంపఖానా, ఇట్లా. కొన్ని లక్షణాలు ఉన్న ఈ రకాలు చేతిమగ్గం మీదనే నెయ్యాలి, మరమగ్గం మీద నేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా మగ్గానికి అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. మరమగ్గాల వాళ్ళు కోర్టుకు పోయారు. 1993 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు సర్కారే రకాలను 22 నుంచి 11కి తగ్గించింది.

తీర్పు వచ్చిన రోజు మా సంఘంలో పేడాలు పంచారు. ఆ సాయంత్రం మా తమ్ముడు ఇంటికి వచ్చి, "అన్నా, నన్ను జైల్లో పెట్టడానికి పేడాలు పంచినారా?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. మా అమ్మ మాత్రం ఆ పూట ఇద్దరికీ అన్నం పెట్టి ఏమీ మాట్లాడలేదు.

జైలుకు ఎవరూ పోలేదు, ఆ చట్టం మా గల్లీల్లో గట్టిగా నడవలేదు. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే మగ్గం మీద రకం మారేది, పోతే మళ్ళీ పాతదే. దీంతోపాటే ఉన్న ఇంకో నియమం చిలప నూలు. మిల్లులు దేశంలో అమ్మే నూలులో సగం, అంటే నూటికి 50, చిలపల్లో కట్టి ఇవ్వాలని ఉండేది, చేతిమగ్గానికి కావాల్సింది చిలపే కాబట్టి. 2003లో దాన్ని 40 చేసారు, 2019లో 30 చేసారు. చిలప నూలుకు సుంకం లేని రోజుల్లో దాన్నే కొని, కోన్ల మీదికి చుట్టి, మరమగ్గాలకు ఎక్కించినవాళ్ళు చాలామంది. మన పేరు మీద వచ్చిన నూలు, మనకు పోటీగా బట్టై వచ్చేది. చేతిమగ్గం పనివాళ్ళు 2009-10 లెక్కల్లో 43.31 లక్షలు ఉంటే 2019-20 లెక్కల్లో 35.22 లక్షలు.

ఇక మేము స్వయంగా చూసిన కేసు ఒకటి. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. అంతకు ముందు మోసపోయినవాడు సివిల్ కోర్టులో లాయర్లను పెట్టుకుని ఏళ్ళకేళ్ళు తిరగాలి. ఈ చట్టంతో జిల్లాకో ఫోరం వచ్చింది, తెల్ల కాగితం మీద రాసి ఇచ్చినా తీసుకుంటారు. అయితే వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడని అందులో ఉంది. నేతగాడు నూలు కొనేది బట్ట అమ్ముకోవడానికే కదా, మరి అతను వినియోగదారుడా, వ్యాపారా? 1993లో చట్టాన్ని సవరించి దీనికి జవాబు రాసారు. తన చేతి పనితో తన పొట్ట పోసుకోవడానికి కొన్న సరుకైతే అది వ్యాపారం కింద లెక్క కాదు. 1995లో సుప్రీంకోర్టు కూడా ఈ మాట విడమరిచి చెప్పింది. మనవాళ్ళలో నూటికి తొంభైమందికి ఈ సంగతి ఇవాళ్టికీ తెలియదు.

1990ల చివర్లో మా సంఘానికి వచ్చిన నూలులో చుట్లు తక్కువ వచ్చినాయి. పైన చెప్పామే, 80కి 74, అదే మోసం. తాత పోయినా మోసం పోలేదు. వ్యాపారిని అడిగితే మిల్లు మీద చెప్పాడు, మిల్లువాళ్ళు వ్యాపారి మీద చెప్పారు. ఫోరానికి పోదామంటే లాయరు సలహా ఇచ్చాడు: సంఘం పేరు మీద వేస్తే మీరు వ్యాపారం కోసం కొన్నారని కొట్టేస్తారు, ఒక్క మగ్గం ఉన్న మనిషి ఎవరైనా ఉంటే అతని పేరు మీద వెయ్యండి. మా సభ్యుల్లో ఒక పెద్దాయన అదే వ్యాపారి దగ్గర సొంతంగా రెండు కట్టలు కొని ఉన్నాడు, బిల్లు ఉంది. ఆయన ఫోరంలో నిలబడి, ఎవరూ అడగకముందే చిలప విప్పి మోకాలికి వేసుకుని చుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అరవై దాటాక అందరూ రాతలు ఆపి ఆయన నోరు చూస్తున్నారు. డెబ్బై నాలుగు దగ్గర ఆగి తల ఎత్తాడు. తర్వాత నూలును పరీక్షకు కూడా పంపించారు, అది వేరే. పద్నాలుగు నెలలకు కట్టల ధర, ఖర్చులు, పైన కొంచెం పరిహారం ఇప్పించారు. సొమ్ము చిన్నదే. ఆయన ఆ డబ్బుతో మా అందరికీ చాయ్ తాగించి మిగిలింది ఇంటికి తీసుకుపోయాడు.

కంచి, ఆరణి వైపున్న మన బంధువులకు ఇదే బాధ జరీలో. వెండి ఎంత, బంగారు పూత ఎంత అనేది కంటికి ఆనదు. తమిళనాడు సర్కారు కాంచీపురంలో జరీ కంపెనీ పెట్టింది ఆ బాధ చూసే. పట్టుకు 2004లో సిల్క్ మార్క్ వచ్చింది. చేనేతకు 2006 జూన్ 28న హ్యాండ్‌లూమ్ మార్క్ వచ్చింది, దాన్ని టెక్స్‌టైల్స్ కమిటీ చూస్తది. 2015 ఆగస్టు 7న మొదటి జాతీయ చేనేత దినం రోజున చెన్నైలో ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్ మొదలుపెట్టారు. ఊరి పేరును కాపాడే భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో చేసి 2003లో అమలులోకి తెచ్చారు. పోచంపల్లి ఇకత్, షోలాపూర్ చద్దర్ మొదట్లోనే గుర్తింపు పొందినాయి. బరంపురం పట్టు, మొలకాల్మూరు, ఇల్‌కల్ చీరలకు కూడా వచ్చింది. గమనించండి, షోలాపూర్ చద్దర్ అంటే పవర్‌లూమ్ బట్ట. అయినా దానికీ దొంగలు ఉన్నారు, ఎక్కడో నేసి షోలాపూర్ చీటీ అంటిస్తారు. ఆ చీటీ చూసి మా తమ్ముడికి వచ్చే కోపం, పవర్‌లూమ్ చీర మీద చేనేత చీటీ చూసి మాకు వచ్చే కోపం ఒక్కటే. ఈ మాట చెబితే వాడు ఒప్పుకున్నాడు. మా ఇద్దరి మధ్య గొడవ చల్లారింది అక్కడే.

2019లో వినియోగదారుల చట్టం కొత్తగా రాసారు, 2020 జులై నుంచి నడుస్తున్నది. మోసపోయినవాడు తానున్న ఊళ్ళోనే కేసు వేసుకోవచ్చు. అబద్ధపు ప్రకటనల మీద చర్య తీసుకోవడానికి ఢిల్లీలో ఒక ప్రాధికార సంస్థ పెట్టారు, మొదటి తప్పుకు పది లక్షల దాకా జరిమానా వేయగలదు. ఫోన్‌లో "ప్యూర్ హ్యాండ్‌లూమ్" అని రాసి ఆరు వందలకు చీర అమ్మేవాళ్ళ మీద ఇది పనికొస్తది. మన కుర్రాళ్ళు కూడా ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నారు, వాళ్ళకూ ఇది వర్తిస్తది, చెప్పి ఉంచండి.

ఇప్పుడు మా తప్పు.

1990ల మొదట్లో, మేము గుమాస్తాగా ఉన్న రోజులు. దసరా ఎగ్జిబిషన్. చేనేత బట్ట మీద నూటికి ఇరవై రిబేటు, ఆ ఇరవై సర్కారు తర్వాత సంఘానికి కట్టిస్తది. జనం విరగబడి కొన్నారు, నాలుగో రోజుకే సరుకు అయిపోయింది. ఇంకా ఆరు రోజులు ఉంది. అప్పటి పెద్దలు ఒక పవర్‌లూమ్ షెడ్డు నుంచి రెండు వందల నౌవారి చీరలు తెప్పించారు. రాత్రి పది గంటలకు మేమే కూర్చుని ఒక్కో చీర కొంగుకు సంఘం ముద్ర కొట్టాం. చేనేత అని. రెండు వందల సార్లు. చెయ్యి నొప్పి పుట్టింది గాని, అప్పుడు తప్పనిపించలేదు. అన్ని సంఘాలూ చేస్తున్నాయి, మనవాళ్ళ సరుకే కదా, షెడ్డువాడూ మన కులపాయనే కదా అనుకున్నాం.

మూడో రోజు ఒక బడి పంతులమ్మ చీర మడత పెట్టి తీసుకొచ్చింది. మరాఠీ ఆమె. "దాదా, ఇది హాత్‌మాగ్ చీర కాదు" అన్నది. ఎట్లా అంటారు బాయీ, ముద్ర ఉంది కదా అన్నాం. ఆమె చీర అంచు వెలుతురుకు పట్టి చూపించింది. చేతిమగ్గం మీద బట్ట ముడుచుకోకుండా అంచుల్లో ముళ్ళ బద్ద గుచ్చుతాం, నాలుగు వేళ్ళు నేసాక తీసి ముందుకు గుచ్చుతాం. అందుకని చిల్లులు ఎడం ఎడంగా, జతలు జతలుగా ఉంటాయి. మరమగ్గానికి ఆ ముళ్ళు చక్రంలాగా తిరుగుతుంటాయి, చిల్లులు సన్నగా ఒకే వరసలో చివరిదాకా పోతాయి. ఈ చీరకు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే వరస. మా నాన్న నేతగాడు, అన్నది ఆమె.

డబ్బు వాపసు ఇస్తాం అన్నారు మా పెద్దలు. ఆమె అడిగింది డబ్బు కాదు. "నాకు ఇరవై తగ్గించారు, ఆ ఇరవై ఎవరివి? పన్ను కట్టినవాళ్ళవి. బిల్లు మీద ఇది పవర్‌లూమ్ అని రాసి సంతకం పెట్టండి, చాలు" అన్నది. పెద్దలు ససేమిరా అన్నారు. రాసి ఇస్తే రిబేటు ఆగిపోద్ది, ఆడిట్ వస్తది. ఆమె ఫోరానికి పోతానని బెదిరించలేదు. డబ్బు తీసుకోలేదు. చీర తీసుకోలేదు. బిల్లును చీర మీద పెట్టి, బల్ల మీద వదిలేసి వెళ్ళిపోయింది. మేము అక్కడే నిలబడి ఉన్నాం, ఒక్క మాట మాట్లాడలేదు. స్టాంపు కొట్టింది మేము, కలం కూడా మా జేబులోనే ఉంది.

ఆ ఏడాది రిబేటు సొమ్ము పూర్తిగా వచ్చింది. తర్వాత రిబేటు దుర్వినియోగం అవుతున్నదని అన్ని రాష్ట్రాల్లోనూ అనడం మొదలైనప్పుడు, సర్కారు చేనేతకు అన్యాయం చేస్తున్నదని మేము కూడా ధర్నాలో కూర్చున్నాం. కూర్చున్నప్పుడు ఆ చీర గుర్తుకు వచ్చింది.

ఇప్పుడు ఇదంతా ఎందుకు ఎత్తామంటే, సమాఖ్యలో ఈ సంవత్సరం ఒక ఆలోచన నడుస్తున్నది. అయిదు చోట్ల ఉన్న మన నేత కుటుంబాల సరుకంతటికీ ఒకే గుర్తు, ఒకే లేబులు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముదామని. మంచి ఆలోచనే. అయితే ముసాయిదాలో చేతిమగ్గానికీ మరమగ్గానికీ ఒకే లేబులు, దాని మీద "తరతరాల నేత" అని ఉంది. అబద్ధం కాదు. గాని కొనేవాడు అది చదివి ఏమనుకుంటాడో మనకు తెలుసు, తెలిసే రాసాం. మేము కార్యవర్గానికి రాతపూర్వకంగా ఇచ్చిన విన్నపం ఇది: గుర్తు ఒక్కటే ఉండనివ్వండి, కింద రెండు వేరు వేరు మాటలు పెట్టండి. చేతిమగ్గం అయితే చేతిమగ్గం, మగ్గం నెంబరుతో. పవర్‌లూమ్ అయితే పవర్‌లూమ్. మా తమ్ముడు కూడా ఆ విన్నపం మీద సంతకం పెట్టాడు. పవర్‌లూమ్ అని రాసుకోవడానికి నాకేం సిగ్గు, నా కూతురు డాక్టర్ చదివింది దాని మీదనే, అన్నాడు. యానాం నుంచి, సేలం నుంచి కూడా కొందరు మద్దతు చెప్పారు. కొందరు మీరు సంఘాన్ని చీలుస్తున్నారు అన్నారు. మహాసభలో తేలాలి.

మేము కార్యదర్శి అయిన మొదటి వారంలో బీరువా తెరిచాం. చీర అట్లాగే ఉంది, మడత మీద బిల్లు గుండుసూదితో గుచ్చి ఉంది. ఆ బిల్లు మీద ఎర్ర సిరాతో "ఈ చీర పవర్‌లూమ్ మీద నేసినది, సంఘం ముద్ర తప్పుగా వేయబడినది" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాం. ఆమెకు పంపుదామంటే బిల్లు మీద పేరు ఉంది గాని ఇల్లు లేదు. రెండు మూడు బళ్ళలో అడిగాం, బదిలీ మీద పోయిందన్నారు. అప్పటి నుంచి మా సంఘంలో ముద్ర వేసే ప్రతి బట్టకూ రిజిస్టర్లో ఒక గీత ఉంటది. మగ్గం నెంబరు, నేసినవాడి పేరు, కోత కోసిన తేదీ, హ్యాండ్‌లూమ్ మార్క్ లేబులు నెంబరు. ఇప్పుడు మావి పంతొమ్మిది మగ్గాలే. పోయిన నెలలో రిజిస్టర్లో పడింది నలభై ఒక్క గీతలు. ఎవరన్నా వచ్చి చూడొచ్చు, ఆదివారం తప్ప పదకొండు నుంచి అయిదు దాకా సంఘం తెరిచే ఉంటది. చీర కూడా బీరువాలోనే ఉంది.